చప్పుడు చేయని కెమెరా

మొగుడి మీద ఆమెకున్న ఫిర్యాదు చిన్నదే. మనిషి మంచివాడు. తాగడు, తిట్టడు, కంచంలో ఏం వడ్డించినా వంక పెట్టకుండా తింటాడు. కానీ ఏ వస్తువూ కొనడు. అసలు కొనడని కాదు, కొనబోతూ ఉంటాడు. అతను పనిచేసేది ఒక ఫ్యాక్టరీ కొనుగోళ్ళ విభాగంలో. అక్కడ మేకు కొనాలన్నా మూడు కొటేషన్లు రావాలి, మూడింటినీ పక్కపక్కన పెట్టి పట్టిక గీయాలి, పట్టిక కింద ముగ్గురు సంతకాలు పెట్టాలి. ఆ పద్ధతిని అతను ఇంటిక్కూడా మోసుకొచ్చాడు. చీపురు అరిగిపోయిందని చెబితే చీపుళ్ళ మీద పట్టిక మొదలయ్యేది. అది పూర్తయ్యేలోపు అత్తగారు సందు చివరికెళ్ళి చీపురు కొనుక్కొచ్చి, ఇల్లంతా ఊడ్చి, దుమ్ము ఎత్తి పారబోసి కూర్చునేది. "వీడు చెప్పులేసుకునేలోపు సంత లేచిపోతుంది" అనేది ఆవిడ, కన్నకొడుకన్న మొహమాటం కూడా లేకుండా.

ఉయ్యాల విషయంలోనూ అంతే అయింది. ఆమెకి మూడో నెల రాగానే మొదలుపెట్టాడు. కర్రదా, ఇనుపదా, చక్రాలున్నదా, మడత పెట్టేదా. ఏది ఎంత బరువు మోస్తుంది, ఏ రంగు పిల్లలు నాకినా ప్రమాదం లేదు. ఆ పరిశోధన ఒక కొలిక్కి వచ్చేసరికి ఉయ్యాల అవసరం తీరిపోయింది. పాప ఏడో నెలలోనే వచ్చి, కళ్ళు తెరవకుండానే వెళ్ళిపోయింది. ఆమెకి మత్తిచ్చి కోశారు కాబట్టి వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. మెలకువ వచ్చేసరికి కడుపు మీద కట్టు ఉంది, మంచం పక్క స్టూలు మీద మొగుడున్నాడు, గుమ్మంలో అత్తగారు ఉంది. జరగాల్సినవన్నీ జరిగిపోయాయి.

"నాకెందుకు చూపించలేదు?" అని ఆమె అడిగింది.

మొగుడు కిటికీ వైపు చూశాడు. జవాబు గుమ్మంలోంచి వచ్చింది. "నేనే వద్దన్నానమ్మాయ్. ఫోటో తీస్తామన్నారు, అదీ వద్దన్నాను. చూస్తే మర్చిపోలేవు. చూడకపోతే నాలుగు రోజులకి సర్దుకుంటావు."

ఆ మాటన్నాక ఏడాది గడిచింది. ఈ ఏడాదిలో ఆమె అత్తగారితో అవసరానికి మించి మాట్లాడలేదు. పాలు పొంగాయి, బట్టలు ఆరాయి, గ్యాసు అయిపోవస్తోంది. అన్నీ వార్తలే, కబుర్లు లేవు. అత్తగారు మాత్రం ఏమీ పట్టనట్టు ఎప్పటిలా వాగుతూనే ఉండేది. దానికి ఇంకా ఒళ్ళు మండేది.

మర్చిపోవడానికైనా ముందు ఒక మొహం ఉండాలి కదా. ఆమెకి అది కూడా లేదు. అందుకని కోత మానిందో లేదో చూపించుకునే నెపంతో ఆసుపత్రికి వెళ్ళేది. వచ్చేటప్పుడు నెలలు నిండని పిల్లల వార్డు గుమ్మం దగ్గర ఆగేది. అక్కడ పెద్ద సిస్టర్ అని ఒకావిడ, ఉద్యోగంలోనే జుట్టు నెరిసిపోయిన మనిషి. "మా పాప ఎలా ఉండేది సిస్టర్?" అని అడిగితే ఆవిడ చేతిలో పని ఆపి చెప్పేది. మొదటిసారి, "ఒత్తుగా జుట్టమ్మా, నుదుటి మీదికంతా" అంది. ఆమె ఆ జుట్టుని ఇంటికి తెచ్చుకుని నెలంతా దువ్వుకుంది. రెండోసారి అడిగితే, "బోడిగుండు తల్లీ, నున్నగా" అంది.

అప్పుడర్థమైంది. సిస్టర్‌కి గుర్తు లేదు. ఎన్ని మొహాలని గుర్తుంచుకుంటుంది పాపం. అడిగిన ప్రతి తల్లికీ చేతికందిన మొహం ఒకటి ఇచ్చి పంపుతోంది. బస్సులో ఆమె ఏడ్చింది. పాప పోయినందుకు ఏడవడం అలవాటైంది, జుట్టు పోయినందుకు ఏడవడం అదే మొదలు.

ఆ మర్నాడు మళ్ళీ వెళ్ళి సిస్టర్‌తో చెప్పింది. "ఇలాంటి పిల్లలకి నేను ఫోటోలు తీస్తాను. డబ్బులొద్దు. వాళ్ళమ్మలు నాలాగా మీ గుమ్మం దగ్గర నిలబడక్కర్లేకుండా."

సిస్టర్ చాలాసేపు ఆమె మొహంలోకి చూసి, పై వాళ్ళని అడిగి చెబుతానంది. పై వాళ్ళు ఒప్పుకున్నారు. అంతకుముందు సిస్టర్ తన ఫోనుతో ఒకటి రెండు ప్రయత్నాలు చేసింది కానీ అవి ఎవరికీ ఇవ్వలేదట. ఆ మసక వెలుతురులో ఫోను తన తెలివంతా చూపించి, పిల్లల చర్మాన్ని మైనంలా నున్నగా చేసేసింది. చెంప మీద నూగు లేదు, కనురెప్పల వెంట్రుకలు లేవు, నీలం తిరిగిన పెదవులకి గులాబి రంగు. పిల్లలందరూ ఒకే అచ్చులో పోసినట్టున్నారు.

సరేనని ఆమె తమ్ముడి కెమెరా పట్టుకెళ్ళింది. తమ్ముడు ఒకప్పుడు పక్షుల్ని తీస్తానని పెద్ద కెమెరా కొని, పక్షులు సహకరించక బీరువాలో పెట్టేశాడు. రెండు చేతులా ఎత్తితే తప్ప లేవదు. చేతికి ఇటుక, మెడకి ఉరి. ఆ రోజు గదిలో ఒక తల్లి, ఒడిలో గుడ్డలో చుట్టిన పిల్ల. ఆమె మీట నొక్కగానే లోపలి అద్దం లేచి పడిన చప్పుడు తలుపు కొట్టినట్టు వినిపించింది. తల్లి అదిరిపడింది. రెండోసారి నొక్కితే, వెలుతురు చాలదనుకుని కెమెరా తనంతట తనే నెత్తి మీది ఫ్లాష్ తెరిచి భళ్ళున వెలిగించింది. ఆ తల్లి చటుక్కున పిల్ల కళ్ళకి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ కళ్ళకి ఇక ఏ వెలుగూ గుచ్చుకోదని గదిలో అందరికీ తెలుసు. తల్లికీ తెలుసు. అయినా చెయ్యి తీయలేదు. ఆ ఫోటోలో చెయ్యే ఉంది, మొహం లేదు.

బయటికొచ్చాక సిస్టర్ ఒక్కటే అంది. "ఆ ఫిరంగి మళ్ళీ తేవద్దమ్మా. చప్పుడు లేనిదీ మెరవనిదీ ఏదైనా దొరికితే చెప్పు, అప్పుడు పిలుస్తాను. అప్పటిదాకా వద్దు."

కావలసింది తేలిపోయింది. ఒంటిచేత్తో ఎత్తగలిగేంత తేలిక, ఎందుకంటే రెండో చెయ్యి గుడ్డ సర్దడానికి కావాలి. చప్పుడు చేయకూడదు. మసకలో కూడా చూడగలిగే లెన్సు తగిలించుకునే వీలుండాలి, ఎందుకంటే కెమెరాతో పాటు ఊరికే వచ్చే లెన్సుకి చీకటి చూస్తే కళ్ళు కనబడవు. తమ ఇంటి తాహతుకి లోబడి ఉండాలి. ఇవన్నీ మొగుడితో చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. అతను ఒక తెల్లకాగితం, స్కేలు తీసుకున్నాడు. తర్వాత, "నేను చూస్తాను" అన్నాడు.

చూశాడు. చూస్తూనే ఉన్నాడు. పట్టికలో అడ్డంగా కెమెరాలు పేరుకున్నాయి, నిలువుగా గుణాలు పేరుకున్నాయి. వాటిలో ఒకటి కొంచెం తేలిక, ఇంకొకటి కొంచెం చవక. ఇంకొకదానికి లెన్సులు దొరుకుతాయి కానీ బ్యాటరీ నిలవదు. అద్దం లేని రకమే కావాలన్న ఒక్క ముక్క తేలడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా సిస్టర్ ఫోన్ చేసి ఆదివారం ఒక మగపిల్లాడు పోయాడని చెప్పింది. తర్వాతి వారం కవలల్లో ఒకరు. "దొరికిందా అమ్మా?" అని అడిగింది. ఆమె ఆ మాట మొగుడికి చేరవేస్తే, అతను పట్టికలో ఇంకో నిలువు గీత గీశాడు. తడిలో పనిచేస్తుందా లేదా అని.

"వార్డులో వాన కురవదండీ" అంది ఆమె.

"కొన్నాక బాధపడకూడదు కదా" అన్నాడు అతను, తల ఎత్తకుండా.

వంటింట్లోంచి అత్తగారు వచ్చి, కొంగుకి చేతులు తుడుచుకుంటూ ఇద్దరినీ చూసింది. "అమ్మాయ్, చీర మార్చుకో" అంది. "పాత కెమెరాల కొట్టొకటి బజారు వెనక సందులో ఉందిగా. పద."

ఆమె ఆశ్చర్యపోయింది. కాదనడానికి నోరు తెరిచింది. ఏడాదిగా తను వార్తలు తప్ప చెప్పని మనిషితో బజారుకెళ్ళడం ఏమిటి. కానీ మొగుడు అప్పుడు "అమ్మా, ఇంకా ఒక కొటేషన్ రావాలి" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె చీర మార్చుకుంది.

*

కొట్టు ఇరుకు. గాజు బీరువాల్లో కెమెరాలు, ఒకరి ఇంట్లో పనిచేసి మానేసిన వాళ్ళలా వరసగా కూర్చుని ఉన్నాయి. కొట్టాయన ఒకప్పుడు పత్రికలకి ఫోటోలు తీసినవాడు. మెడ ఒక పక్కకి వంగిపోయి ఉంది.

"బరువైంది ఎవరడిగినా నా మెడ చూపిస్తాను" అన్నాడు. "మీరు తేలికది అడిగారు కాబట్టి కూర్చోండి. దేనికి, పెళ్ళిళ్ళకా, పక్షులకా?"

"పిల్లల్ని తీయడానికి" అంది ఆమె.

"అయితే ఇది తీసుకోండి" అని కొట్టాయన మెరుస్తున్నదాన్ని ఒకదాన్ని బయటికి తీశాడు. "పిల్లలు ఒక్కచోట నిలబడరు కదా. ఇది పరిగెత్తేవాళ్ళ వెంట తనూ పరిగెత్తి పట్టుకుంటుంది. రేటు కాస్త ఎక్కువే, కానీ..."

"ఈ పిల్లలు పరిగెత్తరు బాబూ" అంది అత్తగారు.

మామూలు గొంతుతోనే అంది. ఉప్పు రేటు అడిగినట్టు. కొట్టాయన నవ్వబోయి, ఆవిడ మొహం చూసి, తర్వాత కోడలి మొహం చూసి ఆగిపోయాడు. మెరుస్తున్నదాన్ని మెల్లగా వెనక్కి పెట్టేశాడు. "ఆసుపత్రా?" అని మాత్రం అడిగాడు. ఆమె తలూపింది.

ఆ తర్వాత ఆయన బేరగాడిలా మాట్లాడలేదు. కింది అరలోంచి చిన్న నల్ల కెమెరా ఒకటి తీశాడు. అంచుల దగ్గర రంగు పోయింది, అడుగున గీతలున్నాయి. "పాత మోడలు. దీని తర్వాత మూడు తరాలొచ్చాయి కాబట్టి ఎవరూ అడగరు. మీ పనికి ఇది చాలు. డబ్బంతా ఒంటి మీద పెట్టకండి, కంటి మీద పెట్టండి" అంటూ ముందున్న లెన్సుని తిప్పి ఊడదీశాడు.

అత్తగారు కంగారు పడింది. "అదేమిటయ్యా, కన్ను ఊడొచ్చింది."

"ఇది మారుతుందమ్మా. దానికి పుట్టుకతో ఇచ్చే కన్ను ఇది. దగ్గరికీ దూరానికీ సాగుతుంది గానీ మసకలో పనికిరాదు." పీచులేని గుడ్డతో తుడిచి, ముందుకి సాగని పొట్టి లెన్సు ఇంకొకటి తెచ్చి కిటుక్కుమని తగిలించాడు. "ఇది సాగదు. మీరే దగ్గరికెళ్ళాలి, దూరం జరగాలి. కానీ వెలుగుని మాత్రం గటగటా తాగుతుంది. గదిలో ఒక్క బల్బున్నా చాలు."

అత్తగారు రెండు లెన్సులూ తీసుకుని ఒక్కొక్కదాంట్లోంచి కొట్టు మొత్తం చూసింది. "మా రోజుల్లో ఇలా మార్చుకునే కళ్ళుంటే సగం సంబంధాలు కుదిరేవి కావు" అంది. కొట్టాయన మెడ ఇంకాస్త వంచి నవ్వాడు. ఏడాది తర్వాత అత్తగారి మాటకి తనకీ నవ్వొచ్చిందని తెలిసి ఆమె బీరువా వైపు తిరిగింది. ఇంత తేలిగ్గా మాట్లాడగలిగిన మనిషి ఆ రోజు అంత మాట ఎలా అనగలిగిందో ఆమెకి అంతుబట్టలేదు.

ఆమె కెమెరాని ఒంటిచేత్తో ఎత్తింది. మణికట్టు వణకలేదు. మీట నొక్కింది. పిట్ట కూసినట్టు చిన్న కూత, ముందువైపు ఎర్రటి వెలుగు. ఆమె మొహం మాడింది. కొట్టాయన కెమెరా అందుకుని, తెరమీది అమరికల్లో వెతికి, కూత ఆపాడు, మీట చప్పుడు ఆపాడు, ఎర్ర వెలుగు ఆపాడు. అన్నీ ఆపాక ఆమె మళ్ళీ నొక్కింది. ఏమీ వినబడలేదు. పడిందో లేదో అని అనుమానం వచ్చి చూస్తే, తెరమీద అత్తగారి చెయ్యి ఉంది. వేలి కణుపుల మీది ముడతలు, గోరు అంచున పసుపు మరక, మణికట్టు మీద కాలిన పాత మచ్చ. కొట్టులో ఉన్న ఒక్క బల్బు వెలుగులో అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉన్నాయి. ఏదీ నునుపు చేయలేదు.

"ఇదే" అంది ఆమె.

అత్తగారు బేరం మొదలుపెట్టింది. రేటు తగ్గించమని కాకుండా, సంచీ ఊరికే ఇమ్మని, రెండో బ్యాటరీ ఊరికే ఇమ్మని, లెన్సు తుడిచే గుడ్డ రెండిమ్మని. కొట్టాయన అన్నీ ఇచ్చాడు. చివరికి బయటిదాకా వచ్చి, "పాడైతే తీసుకురండమ్మా, డబ్బులు తీసుకోను" అన్నాడు.

సాయంత్రం మొగుడు కెమెరాని బల్లమీద పెట్టి నాలుగు వైపుల నుంచీ చూశాడు. దాన్ని తాకలేదు. "పదిహేను రోజులాగితే ఇదే ధరకి ఇంకా మంచిది వచ్చేది" అన్నాడు.

"పదిహేను రోజులాగితే ఇంకో ఇద్దరు పోయేవాళ్ళు" అంది ఆమె. అతను అన్నం ముందు కూర్చుని, సగం తిని లేచిపోయాడు. అతను కంచంలో వదిలేయడం ఆమె చూడటం అదే మొదటిసారి. కొనుగోలు తన చేతుల మీదుగా జరగనందుకు అలిగాడనుకుంది.

*

కెమెరా దొరికిందని ఆ రాత్రే సిస్టర్‌కి చెబితే, ఫోన్ మర్నాడు పొద్దున్నే వచ్చింది.

వార్డు బయట బెంచీ మీద ఒక యువకుడు కూర్చుని ఉన్నాడు. వ్యాన్ డ్రైవరట. చొక్కా జేబులో ఇంకా తాళాలున్నాయి. ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ, దాంట్లో చిన్న చిన్న బట్టలు. పెద్ద సిస్టర్ అతని ముందు నిలబడి ఉంది.

"వద్దు సిస్టర్" అంటున్నాడు. "ఫోటోలొద్దు, ఏమీ వద్దు. దానికి చూపించకండి. చూస్తే పిచ్చిదైపోతుంది. అది లేచేలోపు మేం తీసుకెళ్ళిపోతాం."

"ఆవిడ లేచాక ఆవిడనే అడుగుతాను" అంది సిస్టర్.

"నేను చెబుతున్నాను కదండీ. నేను దాని మొగుణ్ణి."

"బాబూ, అందరు మొగుళ్ళూ ఇదే చెబుతారు. ఇదివరకు మేమూ వినేవాళ్ళం." సిస్టర్ పక్కకి తిరిగి, కెమెరా సంచీతో నిలబడి ఉన్న ఆమె భుజం మీద చెయ్యేసింది. "ఈమెని చూడు. ఈమె భర్తా ఇదే బెంచీ మీద కూర్చుని వద్దన్నాడు. అర నిమిషంలో తేల్చేశాడు. ఆయన మాట విని మేం ఊరుకున్నాం. తర్వాత ఈమె వచ్చి నా గుమ్మం ముందు నిలబడి, మా పాప ఎలా ఉండేదని అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచీ నేను తల్లిని అడక్కుండా ఏదీ చేయను."

ఆమెకి మొదట ఆ మాటలు తన గురించి కావనిపించింది. సిస్టర్ ఎప్పటిలా ఇంకెవరి కథో తనకి తగిలిస్తోందనుకుంది.

"ఆయన కాదు సిస్టర్, మా అత్తగారు" అంది. "వద్దన్నది మా అత్తగారు."

"మొహాలు మర్చిపోతాను గానీ మాటలు మర్చిపోనమ్మా. మీ అత్తగారు పాపని ఎత్తుకుని, ఒక్క ఫోటో తీయించరా, అమ్మాయి అడుగుతుందిరా అని ఆయన చొక్కా పట్టుకుని బతిమాలింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన లేచి అటు తిరిగి నిలబడ్డాడు." సిస్టర్ అప్పుడు ఆమె మొహం చూసి, అనకూడనిది అన్నానేమోనని చెయ్యి తీసేసింది. "నీకు తెలుసనుకున్నాను."

చీపురుకి నెల తీసుకునే మనిషి. ఉయ్యాలకి నాలుగు నెలలు తీసుకున్న మనిషి. అర నిమిషం.

అప్పుడే లోపల్నుంచి ఇంకో నర్సు వచ్చి, ఆ తల్లి లేచిందని చెప్పింది. సిస్టర్ వెళ్ళి, మంచం మీదికి వంగి మాట్లాడి వచ్చింది. "రమ్మంటోంది. మొహం ఒక్కటే కాదు, వేళ్ళు కూడా కావాలంటోంది."

ఆమె లోపలికెళ్ళింది. ఏడవడానికి ఇంటి దగ్గర బోలెడంత చోటుంది, ఇక్కడ లేదు. ఆ తల్లికి ఇరవయ్యేళ్ళుంటాయేమో. పిల్లాణ్ణి గుండెల మీద పెట్టుకుని తల పైనుంచి కిందికి నిమురుతోంది. ఆమె ఒక చేత్తో కెమెరా పట్టుకుని, రెండో చేత్తో గుడ్డ అంచు కొంచెం జరిపి తీసింది. ముడుచుకున్న గుప్పిట. పాదం, దాని మీద తల్లి బొటనవేలు. పెదవులు నీలంగా ఉన్నాయి, నీలంగానే తీసింది. కనురెప్పల వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి. వాటిని అందుకోవడానికి ఆ సాగని లెన్సుతో తల్లి ఊపిరి తగిలేంత దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

"ఎప్పుడు తీస్తారక్కా?" అని అడిగింది ఆ తల్లి.

"తీసేశానమ్మా. చాలా తీశాను."

"వినబడలేదే" అంది ఆ తల్లి. పిల్లాణ్ణి ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

డ్రైవరు చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత వచ్చి మంచం అవతలి పక్క కూర్చున్నాడు. పిల్లాడి వైపు చూడలేదు. పెళ్ళాం భుజం మీద చెయ్యేసి గోడని చూస్తూ కూర్చున్నాడు. అతను లేకుండా కొన్ని, అతనితో కొన్ని తీసి ఆమె బయటికొచ్చేసింది.

*

ఇంటికొచ్చేసరికి అత్తగారు మధ్యగదిలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆమె సంచీ దింపి, ఎదురుగా కూర్చుని, ఒక దుప్పటి అంచు అందుకుంది. ఇద్దరూ రెండు కొసలూ పట్టుకుని లాగి మడత పెట్టారు.

"పెద్ద సిస్టర్ చెప్పింది అత్తయ్యా" అంది.

అత్తగారు ఏం చెప్పిందని అడగలేదు. తరవాతి దుప్పటి తీసింది.

"ఏడాదిగా మీతో మాట్లాడలేదు నేను. ఎందుకు చెప్పలేదు?"

"మాట్లాడకపోయినా రెండు పూటలా పెట్టావుగా" అంది అత్తగారు. "అత్త మీద కోపంతో కాపురాలు చేసినవాళ్ళు ఊరినిండా ఉన్నారమ్మాయ్. మొగుడి మీద అంత కోపంతో ఎవరు చేయగలరు? అప్పుడు నీకు కోపం పెట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. నేనైతే అలవాటున్న చోటు."

"మీరు పాపని ఎత్తుకున్నారట."

"ఎత్తుకున్నాను."

"ఎలా ఉందో నేనడిగితే చూడలేదన్నారు."

"వద్దన్నదాన్ని నేనైతే, ఎత్తుకున్నదాన్ని నేనెలా అవుతాను? అబద్ధం ఒకటి ఆడితే దానికి పిల్లలు పుడతాయి." ఆవిడ మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడతపెట్టింది. "నన్నడక్కు. వాడూ చూశాడు. వాణ్ణే చెప్పనియ్. ఏడాదిగా అది లోపల పెట్టుకుని కుళ్ళిపోతున్నాడు వెధవ."

మొగుడు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, మధ్యగదిలో ఇద్దరూ ఒకచోట కూర్చుని ఉండటం చూసి ఆగాడు. ఆ ఇంట్లో అది అరుదైన దృశ్యం. బల్లమీద కెమెరా ఉంది.

"లెన్సుకి మూత పెట్టలేదు" అన్నాడు. "దుమ్ము పడుతుంది."

"ఇవాళ పిలిచారు, వెళ్ళాను" అంది ఆమె. "అక్కడొకతను మీలాగే వద్దన్నాడు."

అతను తల్లి వైపు చూశాడు.

"నా వైపు చూడకురా" అంది అత్తగారు. "నేను మోసినంత మోశాను. ఇక నీ మూట నువ్వే ఎత్తుకో." బట్టల దొంతర చంకనెత్తుకుని ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళింది. తలుపు మాత్రం వేయలేదు.

అతను నిలబడే ఉన్నాడు. భుజానికి ఆఫీసు సంచీ ఇంకా వేలాడుతోంది. "నీ మంచికే అనుకున్నాను" అన్నాడు. "కోత, రక్తం, నువ్వున్న స్థితిలో తట్టుకోలేవని."

"ఈ మాట ఏడాది కిందటే అత్తయ్య నోట విన్నాను."

"అది నా మాటే. అమ్మ చేత చెప్పించాను."

"నేను తట్టుకోలేనని మీకెలా తెలుసు? నన్ను అడిగారా?"

అతను సంచీ దించి, గోడవారగా నేలమీదే కూర్చున్నాడు. ఆమె కూడా కదల్లేదు. వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ కాక తన్నుతున్నారు. అది అంటుకుని వెళ్ళిపోయింది.

"ఎడమ చెవి" అన్నాడు అతను చివరికి. "పైన మడిచినట్టుంది, నీకున్నట్టే. సిస్టర్ గుడ్డ తీసి చూపించినప్పుడు నాకు మొదట అదే కనబడింది. చెవి నీది, గడ్డం నాది. కింది పెదవి కొంచెం లోపలికి పోయి ఉంది, ఏదో అనబోయి ఆగినట్టు. ఇంతకంటే చూడలేకపోయాను. ఫోటో తీయమంటారా అని ఆవిడ అడిగింది. ఫోటో ఉంటే నువ్వు తీసి చూస్తావు. నన్నూ చూడమంటావు. ఇంట్లో ఎక్కడో ఒక చోట ఉంటుంది, అది ఉందని నాకు తెలుస్తూ ఉంటుంది. అందుకని వద్దన్నాను. తట్టుకోలేనిది నేను. నీ పేరు చెప్పాను."

"కెమెరాకి ఇన్నాళ్ళు పట్టింది కూడా అందుకేనా?"

"అది కొంటే నువ్వక్కడికి వెళ్తావు. వెళ్తే ఎవరో ఒకరు చెబుతారు." అతను అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు ఆ పిల్లలు పోయారని చెప్పిన రోజుల్లో కూడా గీతలు గీస్తూ కూర్చున్నాను."

ఆమెకి ఏడుపు రాలేదు. ఎడమ చెవి పైమడతని వేళ్ళతో పట్టుకుని ఉంది, ఎప్పుడు పట్టుకుందో తెలియదు. ఏడాది తర్వాత పాప ఒంటిలో ఒక్క ముక్క ఆమెకి దొరికింది. మిగతాదంతా పోయినట్టే. ఇక ఎవరు ఏం చెప్పినా మిగతాది రాదు. ఆ సంగతి అతనికీ తెలిసినట్టుంది, ఎందుకంటే తలెత్తలేదు.

"తప్పు చేశాను" అన్నాడు, కాళ్ళ మధ్య నేలతో.

ఆమెకి బాగానే వినబడింది. లోపలి గదిలో అత్తగారిక్కూడా వినబడి ఉంటుంది.

"నాకు వినబడలేదు" అంది ఆమె.

అతను తలెత్తాడు. ఆమె కళ్ళలోకి, తర్వాత ఆమె పట్టుకున్న చెవి వైపు, మళ్ళీ ఆమె కళ్ళలోకి చూశాడు.

"నేను తప్పు చేశాను" అన్నాడు, ఇంటి బయటికి కూడా వినబడేంత గట్టిగా. "అది నువ్వు చూడాల్సిన మొహం. వద్దనే హక్కు నాకు లేదు. వద్దన్నాను. తప్పు చేశాను."